వైజాగ్‌లో రూము ఎక్కడ తీసుకోవాలి? బుక్ చేసే ముందు ఇలా తేల్చుకోండి

దసరా సెలవులు దగ్గర పడితే చాలు, హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వైజాగ్ వస్తున్నాం, బీచ్ దగ్గర మంచి హోటల్ ఏదైనా ఉంటే చెప్పు." నేను "ఏ బీచ్?" అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. "అదే... వైజాగ్ బీచ్!"

చిక్కంతా అక్కడే ఉంది. వైజాగ్‌లో బీచ్ రోడ్డు అంటే ఒక వీధి కాదు. కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై ఆర్కే బీచ్, లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట దాటి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. ఆ పొడవునా ఎక్కడున్న హోటలైనా తన అడ్రసులో "బీచ్ రోడ్డు, విశాఖపట్నం" అనే రాసుకుంటుంది. అది అబద్ధమూ కాదు.

మా బాబాయి వాళ్లు ఆ అడ్రసు చూసే బుక్ చేశారు. తీరా దిగింది మంగమారిపేట దాటాక. చోటు అద్భుతం, కిటికీ నిండా సముద్రం. కానీ మర్నాడు పొద్దున్నే అరకు రైలు. అయిదింటికి ఆటో దొరకలేదు, దొరికిన కారు వచ్చేసరికి ఆలస్యమైంది, స్టేషన్‌కి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. పిన్ని ఇప్పటికీ ఆ మాట ఎత్తితే బాబాయి వైపే చూస్తుంది.

కాబట్టి హోటల్ పేరు తర్వాత. ముందు పేట తేల్చుకోండి. పావుగంట పని.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రానూపోనూ టికెట్లు. స్టేషన్ పేరు, టైము రెండూ కనపడాలి.
- చూడాలనుకున్న చోట్ల జాబితా. యూట్యూబ్‌లో చూసిన ఇరవై కాదు, నిజంగా వెళ్లే ఆరో ఏడో.
- వచ్చేవాళ్ల వయసులు. మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిపిల్లలు ఎందరో విడిగా రాసుకోండి.
- ఫోన్‌లో మ్యాపు.
- ఒక కాగితం. అవును, కాగితమే.

1. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూడండి

వైజాగ్ స్టేషన్‌లోకి వచ్చిన రైలు హౌరా వైపు పోవాలంటే ఇంజన్ ఇటునుంచి అటు మార్చుకోవాలి. ఆ బాధ లేకుండా కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలోనే ఆగి పోతాయి. దువ్వాడ గాజువాక అవతల ఉంటుంది. అక్కణ్ణుంచి రుషికొండ ముప్పై కిలోమీటర్ల పైనే. రాత్రి పదకొండింటికి దువ్వాడలో దిగే టికెట్ ఉంటే, ఆ మొదటి రాత్రికి రుషికొండ రూము పెట్టుకోకండి.

విమానంలో వచ్చేవాళ్లు కూడా ఏ విమానాశ్రయమో చూసుకోవాలి. పాతది ఎన్ఏడీ జంక్షన్ దాటాక, ఊరికి పడమర వైపు ఉంది. భోగాపురం కొత్త విమానాశ్రయం ఉత్తరాన, విజయనగరం జిల్లాలో ఉంది. మీ టికెట్ మీద భోగాపురం అని ఉంటే లెక్క తిరగబడుతుంది. భీమిలి, రుషికొండ మీకు దగ్గరవుతాయి, స్టేషన్ వైపు దూరమవుతుంది.

టైము సంగతి కూడా. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లవారేసరికి వైజాగ్‌లో ఉంటారు. పెద్ద హోటళ్లలో రూము ఇచ్చేది మధ్యాహ్నం. మధ్యలో ఆ ఆరేడు గంటలు సామానుతో, పిల్లలతో ఏం చేస్తారు? స్టేషన్, కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) దగ్గర లాడ్జీల్లో చాలావాటికి ఇరవై నాలుగు గంటల లెక్క ఉంటుంది. పొద్దున ఆరింటికి దిగితే మర్నాడు ఆరు దాకా మీదే. ఇంకో దారి, రైల్వే రిటైరింగ్ రూము ముందే బుక్ చేసుకుని స్నానాలు కానిచ్చి, సామాను క్లోక్ రూములో పడేసి ఊరు చూడటం.

2. ఒక్కో పొద్దున ఎక్కడికో రాయండి

ఈ మెట్టు దాటేయకండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

కాగితం మీద ఒక్కో రాత్రికి ఒక గీత గీయండి. దాని పక్కన "రేపు పొద్దున మొదట ఎక్కడికి?" అని రాసి జవాబు నింపండి. సాయంత్రాలు వద్దు. సాయంత్రం ఎటు వెళ్లినా తిరిగొస్తారు, ఆలస్యమైనా కొంప మునగదు. పొద్దున అలా కాదు. రైలు ఆగదు, దర్శనం క్యూ పెరుగుతుంది, ఎండెక్కుతుంది.

ఉదాహరణకి మూడు రాత్రులు:

- మొదటి రాత్రి తర్వాత: అరకు, రైల్లో
- రెండో రాత్రి తర్వాత: సింహాచలం
- మూడో రాత్రి తర్వాత: సముద్రం, తర్వాత తిరుగు ప్రయాణం

రాసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. సోమవారం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకీ, జూకీ రెండింటికీ సెలవు. పిల్లలు గేటు దగ్గర ఏడవడం నేను కళ్లారా చూశాను. సోమవారాన్ని అరకుకో సింహాచలానికో ఇవ్వండి. రెండోది, సబ్‌మెరైన్‌ని మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. అంటే ఆర్కే బీచ్ సందడంతా సాయంత్రం సరుకే. "అవన్నీ పక్కనే ఉంటాయి కదా" అని అక్కడ రూము తీసుకుని, పొద్దున పదింటికి ఎదురుగా మూసిన గేట్లు చూస్తూ కూర్చునేవాళ్లు ఎందరో.

3. కాగితాన్ని పేటతో కలపండి

*స్టేషన్, దొండపర్తి, అల్లిపురం.* పొద్దున రైలుంటే ఇక్కడే. కిరండూల్ వైపు వెళ్లే అరకు రైలు ఏడు లోపే కదులుతుంది. అద్దాల పెట్టెలో సీటు దొరకడమే గగనం, దొరికాక రైలు పోగొట్టుకోవద్దు. ఒక్క రాత్రికి చాలు, అంతకంటే ఉండేంత అందమేమీ లేదు. రూము జ్ఞానాపురం వైపు ఉందా, మెయిన్ గేటు వైపు ఉందా అడగండి. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనపడతాయి కానీ మధ్యలో స్టేషన్ మొత్తం ఉంది. పోర్టు దుమ్ము కూడా జ్ఞానాపురం వైపే ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లుంటే దూరంగా తీసుకోండి.

*కాంప్లెక్స్, ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ.* మేం "కాంప్లెక్స్" అంటే ఆర్టీసీ బస్టాండు. సముద్రం కనపడదు, హారన్లు వినపడతాయి. కానీ ఊళ్లో ఎటు వెళ్లాలన్నా బస్సు ఇక్కడే దొరుకుతుంది, రాత్రి పదకొండింటికీ టిఫిను దొరుకుతుంది, ఆర్కే బీచ్‌కి ఆటోలో పదిహేను నిమిషాలు. డబ్బు చూసుకునే కుటుంబానికి నేను మొదట చెప్పేది ఇదే. పగలంతా బయటే తిరిగేవాళ్లకి కిటికీలో సముద్రం ఎందుకు చెప్పండి? గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్లాలన్నా జగదాంబ దగ్గర. అయితే మార్గశిర మాసం గురువారాల్లో వన్‌టౌన్ వైపు రోడ్లు కిక్కిరిసిపోతాయి, కారు మాట మరిచి నడవండి.

*ఆర్కే బీచ్, పాండురంగాపురం, చినవాల్తేరు.* తెల్లవారుజామున నడిచే అలవాటున్నవాళ్ల చోటు ఇది. ఆ వేళ బీచ్ రోడ్డు మీద కొన్ని గంటలు బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా మనదే. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. (అస్తమయం మాత్రం ఊరి వెనక కొండల మీద. "సముద్రంలో సన్‌సెట్ చూడాలి" అని వచ్చి అడిగితే నేనేం చెప్పను!) సాయంత్రం ముంత మసాలా, సబ్‌మెరైన్, విమానం మ్యూజియం, అన్నీ కాలినడకన. లోటు ఏమిటంటే ఆదివారం సాయంత్రం ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుంది. గది రోడ్డు వైపుంటే రాత్రి దాకా నిద్ర రాదు.

ఇంకో మాట. బీచ్‌కి "అయిదు నిమిషాల నడక" అని రాసే హోటళ్లలో కొన్ని పైన సిరిపురం వైపు ఉంటాయి. దిగేటప్పుడు అయిదు నిమిషాలే. ఎక్కేటప్పుడు మీ అమ్మగారిని అడగండి. వాల్తేరు అంటేనే మిట్ట. పెద్దవాళ్లుంటే మ్యాపులో దూరం కాదు, ఏటవాలు చూడాలి.

*లాసన్స్ బే, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు.* పిల్లలూ పెద్దలూ కలిసి నాలుగు రోజులుండే కుటుంబాలకి నా ఓటు దీనికే. ఎంవీపీలో అపార్ట్‌మెంట్లు రోజుల లెక్కన దొరుకుతాయి, రైతుబజారు ఉంది, వంట చేసుకోవచ్చు. కైలాసగిరి పక్కనే. హనుమంతవాక మీదుగా అడవివరం దారిలో సింహాచలం. జూ కూడా మరీ దూరం కాదు. ఇటు ఆర్కే బీచ్, అటు రుషికొండ రెండూ మరీ దూరం కాదు. ఆరిలోవ హెల్త్ సిటీలో ఎవరినైనా చూపించుకునే పని కూడా కలిపి వచ్చేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. అందుకే ఇక్కడ శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి.

*సాగర్‌నగర్, రుషికొండ.* శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు ఉన్న బీచ్ ఇది. స్నానం చేయాలంటే ఊళ్లో మొదట చెప్పే పేరు ఇదే, అదీ లైఫ్‌గార్డులున్న వేళల్లో, వాళ్లు చూపిన హద్దులోనే. "మేం ఎక్కడికీ తిరగం, మూడు రోజులు సముద్రం చూస్తూ పడుంటాం" అనేవాళ్లు కళ్లు మూసుకుని ఇక్కడికి రండి. తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి ఈ దారిలోనే. కానీ రాత్రి తొమ్మిది దాటాక బయట తిండికి, మందుల షాపుకి ఇబ్బంది పడతారు. స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు పగలు బాగానే దొరుకుతుంది, రాత్రి దాని మీద ఆశ పెట్టుకోకండి.

అరకు రైల్లో వెళ్లేవాళ్లకి రుషికొండ తగని చోటు. కారులో వెళ్లేవాళ్లకి అలా కాదు. ఆనందపురం నుంచి పెందుర్తి వైపు హైవే ఉంది, ఊరి ట్రాఫిక్‌లో పడకుండా అరకు వెళ్లే ఎస్.కోట దారి పట్టొచ్చు.

*మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ.* క్రికెట్ మ్యాచ్ చూడటానికైతే సరే. లేకపోతే ఇది మామూలు హైవే పక్క నివాసం. జాగ్రత్త, ఇక్కడి రూముల్లో కొన్ని "రుషికొండ" పేరుతోనే అమ్ముడవుతాయి. బీచ్‌కి, వీటికి మధ్య కొండ అడ్డం.

*భీమిలి.* గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్. ప్రశాంతంగా ఒక రాత్రి ఉండటానికి చాలా బాగుంటుంది. వైజాగ్ చూడటానికి భీమిలిలో ఉండటం మాత్రం తిక్కపని.

*గాజువాక, ఎన్ఏడీ.* స్టీల్‌ప్లాంటులోనో విమానాశ్రయంలోనో పనుంటేనే.

కాగితం మీద పొద్దుటి ప్రయాణాలు రెండు వైపులకి చీలిపోతే, మూడు రాత్రుల లోపు అయితే మధ్యలో ఉన్న ఎంవీపీయో కాంప్లెక్సో తీసుకుని ఊరుకోండి. నాలుగు దాటితే రెండుగా విడగొట్టండి. రైలున్న రాత్రి స్టేషన్ దగ్గర, మిగతావి రుషికొండలో. పెట్టెలు సర్దడం ఒక్కసారే, రోజూ గంటన్నర కారులో కూర్చోవడం తప్పుతుంది.

4. మ్యాపులో టైము కొలవండి, దూరం కాదు

నచ్చిన రెండు హోటళ్ల పిన్ను తీసుకోండి. ఒక్కో పొద్దుటి గమ్యానికి, మీరు బయలుదేరే టైము పెట్టి చూడండి. రాత్రి పదకొండింటికి సోఫాలో కూర్చుని "ఇప్పుడు బయలుదేరితే" అని చూస్తే రోడ్లన్నీ ఖాళీగానే కనపడతాయి. తర్వాత ఆదివారం సాయంత్రం ఏడింటికి ఆర్కే బీచ్ నుంచి మీ హోటల్‌కి ఎంతసేపో చూడండి. ఆ రెండు అంకెలూ మీకు సమ్మతమైతే పేట కుదిరినట్టే.

గీత గీసి దూరం కొలిచేవాళ్లు సింహాచలం దగ్గర మోసపోతారు. సీతమ్మధార నుంచి చూస్తే కొండ వెనకే. కానీ ఆ కొండని చుట్టి వెళ్లాలి.

తేదీలు కూడా ఒకసారి చూడండి. దసరాకి, డిసెంబరు చివరలో బెంగాల్ నుంచి యాత్రికులు పెద్ద ఎత్తున వస్తారు. స్టేషన్ నుంచి ఆర్కే బీచ్ దాకా రూములు దొరకవు. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, వెంకోజీపాలెం, సీతమ్మధార, ఎన్ఏడీ, గోపాలపట్నం అన్నీ ఆ దారిలోనే. ఆ రాత్రి ఎంవీపీ వైపు దిగినవాళ్లు కారు బయటికి తీయలేరు. నడవటానికే వస్తున్నట్టయితే అంతకంటే మంచి చోటు లేదనుకోండి. నేవీ విన్యాసాలు పెట్టినప్పుడు ఆర్కే బీచ్ వైపు రోడ్లు మూసేస్తారు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఇక్కడెవరూ మరిచిపోలేదు. ఆ నెలల్లో డబ్బు వెనక్కి ఇచ్చే బుకింగే చేయండి.

5. ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి

యాప్‌లో డబ్బు కట్టే ముందు హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి.

- "ఆటో ఎక్కి ఏ జంక్షన్ అని చెప్పాలి?" చాలా ఉపయోగపడే ప్రశ్న ఇది. "బీచ్ రోడ్డు" అంటే మళ్లీ అడగండి. అప్పుఘరా, సాగర్‌నగరా, తిమ్మాపురమా చెప్పాలి.
- "మంచం మీద కూర్చుంటే సముద్రం కనపడుతుందా, బాల్కనీలోంచి మెడ తిప్పితే కనపడుతుందా?" సీ వ్యూ అనే మాట కిందకి రెండూ వస్తాయి.
- "పొద్దున అయిదింటికి కారు దొరుకుతుందా? మీరే పిలిపిస్తారా?"
- "లిఫ్టు ఉందా, పనిచేస్తోందా?" ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు.
- "వైజాగ్ అడ్రసు ఆధార్ ఉంటే రూమిస్తారా?" కొన్ని చోట్ల ఊరివాళ్లకి ఇవ్వరు. ఇక్కడి చుట్టాన్ని కూడా కలుపుకుని ఉండాలనుకుంటే గేటు దగ్గర ఇబ్బంది.

జవాబులు తడబడితే ఇంకో హోటల్ చూసుకోండి. ఊళ్లో హోటళ్లకి కరువు లేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

*సముద్రం ఎదురుగా ఉందంటే దిగొచ్చనుకోవడం.* ఇది పొరపాటు కాదు, ప్రమాదం. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి లాగే అల బలంగా ఉంటుంది. ఈతొచ్చిన కుర్రాళ్లే పోయారు. అక్కడ కాళ్లు తడుపుకోవడం వరకే. స్నానాల కోసం వస్తున్నట్టయితే రూము ఎంచుకునేటప్పుడే రుషికొండ రాసుకోండి, అక్కడా లైఫ్‌గార్డు వద్దంటే వినండి. పిల్లలు రోజూ సముద్రం చూస్తూ, దిగొద్దంటే ఏడుస్తూ ఉండే ఆర్కే బీచ్ రూము కంటే, స్విమ్మింగ్ పూలున్న ఎంవీపీ రూము నయం.

*రివ్యూల్లో నక్షత్రాలే చూడటం.* సముద్రపు ఉప్పుగాలికి ఏసీలు, తలుపు బందులు, కిటికీలు త్వరగా పాడవుతాయి. ఒడ్డున ఉన్న హోటల్‌కి మూడేళ్ల కిందటి పొగడ్త పనికిరాదు. గడిచిన మూడు నెలలవి మాత్రమే చదవండి. "ఏసీ", "వాసన", "రాత్రి" అనే మాటలు వెతకండి. ఫిషింగ్ హార్బర్ దగ్గరైతే వాసన మాట తప్పక వస్తుంది.

*మే నెలలో "సముద్రపు గాలి ఉంటుంది కదా" అని నాన్ ఏసీ తీసుకోవడం.* ఉక్క అంటే ఏమిటో ఆ రాత్రి తెలుస్తుంది.

*రాత్రులన్నీ ఒకేసారి డబ్బు కట్టేయడం.* తెలియని హోటలైతే మొదటి రాత్రికే కట్టండి. శని, ఆదివారాలు, పండగలు మాత్రం దీనికి మినహాయింపు. అప్పుడు పొడిగించమంటే ఖాళీ ఉండదు.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

డబ్బు కట్టే ముందు ఇంట్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ, తొందరగా ఆకలేసేవాళ్లకీ ప్లాను చదివి వినిపించండి. "పొద్దున ఇన్నింటికి లేవాలి, ఇంతసేపు ప్రయాణం, టిఫిను ఇక్కడ" అని. వాళ్లు మొహం చిట్లిస్తే రెండో మెట్టుకి వెళ్లండి.

దిగాక మొదటి అరగంటలో, పెట్టెలు విప్పకముందే, ఏసీ వేసి పది నిమిషాలు చూడండి. కిటికీ తెరిచి మూయండి. గీజరు వేయండి. తర్వాత ఒకరు కిందకి దిగి టీ కొట్టు, మందుల షాపు ఎంత దూరమో నడిచి రండి. ఆ వెళ్లినవాళ్లు ఒక ఆటో ఆపి, రేపు పొద్దున మీరు వెళ్లే చోటు చెప్పి ఎంతసేపు, ఎంత డబ్బు అని అడగాలి. మీ కాగితం మీది అంకెకీ, ఆటో అబ్బాయి చెప్పిన అంకెకీ పావుగంట కంటే ఎక్కువ తేడా ఉంటే ఆటో అబ్బాయినే నమ్మండి. అలారం ఆ లెక్కన పెట్టుకుని, పొద్దున బండికి రాత్రే మాట తీసుకోండి.